ఏబీఎస్ ఉన్న టూరింగ్ బైక్‌కు స్టీల్ అల్లిక హోస్‌లు: పని క్రమం గురించి సలహా కావాలి

నా టూరింగ్ మోటార్‌సైకిల్‌లోని రబ్బరు బ్రేక్, హైడ్రాలిక్ క్లచ్ హోస్‌లు (ఫ్లూయిడ్ వెళ్లే గొట్టాలు) పాతబడి, ఒత్తిడికి ఉబ్బుతూ లివర్‌ను మెత్తగా చేస్తున్నందున, లోపల టెఫ్లాన్ గొట్టం, పైన స్టెయిన్‌లెస్ స్టీల్ అల్లిక ఉన్నవి వేయాలని నిశ్చయించుకున్నాను. క్లచ్ విషయంలో పెద్ద తేడా ఆశించడం లేదు. పాతబడినందువల్లనే దాన్నీ మారుస్తున్నాను.

అసలు సందేహమంతా బ్రేకుల గురించే. మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టే భాగం) నుంచి ఏబీఎస్ యూనిట్‌కు (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది), అక్కడి నుంచి కాలిపర్‌లకు (డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే భాగాలు) వెళ్లే దారిలో కొంత భాగం గట్టి లోహపు పైపు. దాన్ని అలాగే ఉంచి రబ్బరు ముక్కలను మాత్రమే మార్చితే సరిపోతుందా? యూనిట్‌లోకి గాలి చేరితే మామూలు బ్లీడింగ్‌తో (ఫ్లూయిడ్‌ను పారించి గాలిని బయటికి తీయడం) పూర్తిగా పోకపోవచ్చని, డయాగ్నొస్టిక్ పరికరంతో దాని పంపును నడిపించవలసి రావచ్చని తెలుసు కనుక, యూనిట్ ఖాళీ కాకుండా ఈ పని చేసినవారు ఏ జాయింటును ముందు విప్పారో, ఫ్లూయిడ్ కారకుండా ఎలా మూశారో వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

హ్యాండిల్‌బార్‌ను పైకి లేపినందున హోస్‌ల పొడవూ పెరగాలి. ముందు చక్రాన్ని నేల నుంచి ఎత్తి, ఫోర్కులు పూర్తిగా సాగిన స్థితిలో హ్యాండిల్‌ను రెండు కొసలకూ తిప్పి కొలవాలనుకుంటున్నాను; ఆ కొలతపై ఎంత అదనం ఉంచడం మంచిది? బాంజో బోల్టులకు (హోస్ కొసను బిగించే, లోపల ఫ్లూయిడ్ దారి ఉన్న బోల్టులు) కొత్త రాగి వాషర్లే వేస్తాను. అల్లిక ఒరుసుకొని వైర్లను, పెయింటును కోసేయకుండా ప్లాస్టిక్ తొడుగు ఉన్న హోస్‌లే తీసుకోవాలా, లేక క్లిప్పులతో దూరంగా బిగిస్తే చాలునా?