హజార్డ్ అంటే ప్రమాదమేనా? బోర్డు మీద ఏమని రాయాలి?

ప్రశ్న: పరవాడ షిఫ్ట్

విశాఖ వైపు పరవాడ దగ్గర ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. పొద్దున ఆరింటికి షిఫ్ట్ ఎక్కగానే హెల్పర్లందరినీ ఒక చోట చేర్చి, ఆ రోజు ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలో పది నిమిషాలు చెప్పాలి. దానికి పైనుంచి ఒక షీటు వస్తుంది, అంతా ఇంగ్లీషే. ఒక గడిలో హజార్డ్, పక్క గడిలో రిస్క్. ఇన్నాళ్లూ రెంటినీ "ప్రమాదం" అనే చెప్పుకుంటూ వచ్చాను.

పోయిన వారం బోర్డులు తెలుగులో పెట్టమన్నారు. టోలుయిన్ అనే, తేలిగ్గా అంటుకునే సాల్వెంట్ (రసాయనాలు కరిగించే ద్రవం) డ్రమ్ములు ఉండే చోట "ప్రమాదం" అని ఎర్రరంగుతో రాయించాను. టెక్కలి వైపు నుంచి కొత్తగా చేరిన హెల్పర్ ఒకతను ఆ బోర్డు ముందు ఆగి, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, "ఇక్కడ ఎప్పుడయింది సార్? మనిషి పోయాడా?" అని మెల్లగా అడిగాడు.

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. నేను జాగ్రత్త అని రాశాననుకున్నాను, అతను చావు కబురు చదివాడు. హజార్డ్ అంటే అసలు ఏమిటి? రిస్క్, డేంజర్, ఇవన్నీ ఒకటేనా? మా వాళ్లకి అర్థమయ్యే మాట చెప్పండి. డిక్షనరీలో చూస్తే అన్నిటికీ ప్రమాదం అనే ఉంది.

జవాబు: సేఫ్టీలో పదిహేనేళ్లు

తమ్ముడూ, ఒకటి కాదు. హాని చేసే గుణం దేంట్లో ఉందో అది హజార్డ్. ఆ హాని జరిగే అవకాశం ఎంత, జరిగితే దెబ్బ ఎంత, ఈ రెండూ కలిపి చూస్తే రిస్క్.

నీ టోలుయిన్‌నే తీసుకో. దాని ఫ్లాష్ పాయింట్, అంటే ఆవిరి అంటుకోగలిగే కనీస వేడి, సుమారు 4 డిగ్రీల సెల్సియస్. అంటే మన విశాఖ వాతావరణంలో ఏ కాలంలోనైనా, మూత తీస్తే పైకి లేచే ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. అది దాని పుట్టుబుద్ధి. సీలు వేసి స్టోర్‌లో పెట్టినా ఆ బుద్ధి మారదు, హజార్డ్ అంతే ఉంటుంది, రిస్క్ మాత్రం తక్కువ. అదే డ్రమ్ము మూత తీసి, ఎర్తింగ్ (ఒంపేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ కాకుండా నేలలోకి పోయేలా తగిలించే తీగ) పెట్టకుండా బకెట్‌లోకి ఒంపారనుకో, హజార్డ్ అదే, రిస్క్ మాత్రం ఎంతో పెరిగిపోయింది. మన పనంతా ఆ రెండో దాన్ని తగ్గించడమే.

నైట్రోజన్ గురించి కూడా తప్పకుండా చెప్పు. పీల్చే గాలిలో 78 శాతం అదే కదా అని కుర్రాళ్లు లెక్కచెయ్యరు. రసాయనాలు కలిపే పెద్ద పాత్ర, అదే రియాక్టర్‌లో అది నిండితే ఆక్సిజన్‌ని బయటికి తోసేస్తుంది. వాసన ఉండదు, మంట ఉండదు. లోపలికి దిగిన మనిషి కేక వెయ్యకుండానే పడిపోతాడు. అతన్ని లాగడానికి దిగినవాడూ పడిపోతాడు. కంటికి కనపడని హజార్డ్ అంటే అది.

ఇక డేంజర్. కెమికల్ లేబుళ్ల మీద హెచ్చరిక మాటలు రెండే ఉంటాయి, డేంజర్, వార్నింగ్. తీవ్రత ఎక్కువైతే డేంజర్, తక్కువైతే వార్నింగ్. ఏ డ్రమ్ము మీద ఏది ఉందో మీ వాళ్ల చేత చదివించు.

ఇంకో సంగతి. 1984లో భోపాల్ జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి హజార్డస్ ప్రాసెస్ మీద విడిగా ఒక అధ్యాయమే చేర్చారు. పనిలో ఉన్న హజార్డులేమిటో కార్మికులకి చెప్పి తీరాలని అందులో పెట్టారు. నువ్వు ఆరింటికి చెప్పే ఆ పది నిమిషాల వెనక అంత కథ ఉంది.

జవాబు: రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు

మాట పుట్టుక చెబుతాను, అప్పుడు తేడా మనసులో నిలుస్తుంది. హజార్డ్ అనేది మొదట్లో ఒక పాచికల ఆట పేరు. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. దానికి మూలం అరబ్బీలో పాచిక అనే మాట అని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఆట పేరు కాస్తా అదృష్టం, దురదృష్టం అనే అర్థంలోకి జారి, చివరికి హాని కలిగించే వస్తువు దాకా వచ్చింది. డేంజర్ దారి వేరు. అది మొదట దొర అధికారం. ఒకరి డేంజర్‌లో ఉన్నాడంటే వాళ్ల చేతికింద ఉన్నాడని.

మన ప్రమాదం ఈ రెండూ కాదు. సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు. "ప్రమాదో ధీమతామపి" అంటాం కదా, ఎంత తెలివైనవాడైనా పొరబడతాడని. తెలుగులో అది ఏమరుపాటు వల్ల జరిగిపోయిన సంఘటన అయింది. బస్సు ప్రమాదం, అగ్నిప్రమాదం. అందుకే మీ టెక్కలి అబ్బాయి అలా అడిగాడు. అతను చదివింది సరైన తెలుగే.

ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రె బొమ్మ కింద "అపాయము" అని రాసిన బోర్డు అతను చిన్నప్పటి నుంచీ చూసే ఉంటాడు. అక్కడ ఎవరో పోయారని ఎవరూ అనుకోరు, ముట్టుకోకూడదనే అనుకుంటారు. నా సలహా: హజార్డ్‌కి అపాయం, రిస్క్‌కి ముప్పు, జరిగిపోయినదానికి ప్రమాదం.

జవాబు: ట్యాంకర్ ఓనర్

మాస్టారి మాట బాగుంది గానీ హజార్డ్ అనే మాటని కూడా వాళ్లకి నేర్పించండి. పెట్రోల్ ట్యాంకర్ వెనక ప్యానెల్ మీద 3YE అని, కింద 1203 అని ఉంటుంది. 1203 అంటే పెట్రోల్. 3 అంటే ఫోమ్ వాడాలి, E అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి చూడాలి. మీ గేటులోకి వచ్చే ప్రతి సాల్వెంట్ ట్యాంకర్‌కీ ఇలాంటి ప్యానెల్ ఉంటుంది. హజార్డ్ అనే మాట తెలియకపోతే ఆ బోర్డు చదవడం కూడా రాదు.

హజార్డ్ లైట్లూ అంతే. మా డ్రైవర్లు జంక్షన్‌లో నేరుగా పోవడానికి నాలుగు ఇండికేటర్లూ వేసేవారు. పక్కన ఇంకో లారీ అడ్డుంటే అవతలివాడికి ఒక్క వైపే కనపడుతుంది, బండి ఆ వైపు తిరుగుతోందనుకుంటాడు. బండి చెడి రోడ్డు మీద ఆగినప్పుడు, నేనే ఇక్కడ అపాయంగా ఉన్నాను, చూసుకోండి అని చెప్పడానికి ఆ లైట్లు. అలా విడమర్చి చెప్పాకే మావాళ్లు మానేశారు.

పరవాడ షిఫ్ట్:

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారూ, మీ మూడు మాటలూ అలాగే పెట్టాను. ఎర్ర బోర్డు తీయించి "అపాయం: ఆవిరికి నిప్పు అంటుకుంటుంది" అని రాయించాను. షీటు మీద హజార్డ్ పక్కనే అపాయం అని, రిస్క్ పక్కన ముప్పు అని పెన్నుతో రాసుకున్నాను.

ఈ పొద్దున టోలుయిన్ గురించి చెబుతుంటే ఆ టెక్కలి కుర్రాడే చెయ్యి ఎత్తాడు. "సార్, మూడో డ్రమ్ముకి ఎర్తింగ్ క్లిప్పు పెట్టారు గానీ దాని పళ్లు పెయింట్ మీదే ఉన్నాయి, ఇనుముకి తగల్లేదు. ఇది ముప్పే కదా?" అన్నాడు. వెళ్లి చూశాను. నిజమే. అక్కడ పెయింట్ గీకించి, క్లిప్పు మళ్లీ పెట్టించి, మీటర్‌తో చెక్ చేశాకే మూత తీయనిచ్చాను.