సూర్యుడు వేడెక్కాడా, మనం వేడెక్కించామా?

అనంత రైతుబిడ్డ

మాది అనంతపురం జిల్లా. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూసే ఇల్లు. "పదేళ్లకో పదకొండేళ్లకో సూర్యుడు అలుగుతాడు, అప్పుడు వాన మొహం చాటేస్తుంది" అనేవారు మా తాతగారు. ఆయనకు సూర్యమచ్చల సంగతి తెలియదు. నాకు మాత్రం ఆ మాటలో మచ్చలు పెరిగి తరిగే 11 ఏళ్ల సౌర చక్రం కనిపించింది. అందుకే సూటిగా అడుగుతున్నాను: భూమి వేడెక్కడానికి సూర్యుడు కారణం కాదని ఎలా తేల్చారు?

1645 నుంచి 1715 వరకు సూర్యుడి మీద మచ్చలు దాదాపు మాయమయ్యాయి. ఆ కాలంలోనే యూరప్ చలికి వణికింది. లండన్‌లో గడ్డకట్టిన థేమ్స్ నది మీద జనం సంతలు పెట్టారు. అప్పుడు కార్లు లేవు, థర్మల్ కేంద్రాలు లేవు. 20వ శతాబ్దంలో సూర్యుడు మళ్లీ చురుగ్గా మారాడు. 1957–58లో శిఖరానికి చేరిన చక్రం, మచ్చల లెక్కలు మొదలయ్యాక వచ్చిన వాటిలోకెల్లా పెద్దది. భూమీ వేడెక్కింది. కళ్లెదుట ఉన్న ఈ పోలికను వదిలేసి, గాలిలో పదివేల పాళ్లకు నాలుగు పాళ్లు ఉన్న కార్బన్ డయాక్సైడ్ వాయువు మీద నేరమంతా మోపితే నాకు మింగుడుపడడం లేదు. చివరికి ఆ నేరం పొలంలో చెత్త తగలబెట్టిన రైతు నెత్తిన పడుతోంది. నా బాధ అక్కడే.

ఫిజిక్స్ మాస్టారు

అడగవలసిన ప్రశ్నే అడిగారు. వాతావరణాన్ని మార్చే శక్తి సూర్యుడికి ఉంది, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఇప్పటి మార్పు ఆయన చేస్తున్నదేనా అన్నదే తేల్చుకోవాలి. అందుకు కొలతలు ఉన్నాయి.

1978 నుంచి ఉపగ్రహాలు సూర్యకాంతిని నేరుగా కొలుస్తున్నాయి. భూమి దగ్గర అది చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు. మచ్చలు నిండుగా ఉన్న ఏటికీ, లేని ఏటికీ తేడా సుమారు 0.1 శాతం, అంటే ఒకటి, ఒకటిన్నర వాట్లు. (మచ్చ నల్లగా ఉన్నా దాని చుట్టుపక్కల వెలిగే ప్రాంతాలు ఆ లోటును మించి పూడుస్తాయి. అందుకే మచ్చలు పెరిగిన ఏడు కాంతి కూడా కాస్త పెరుగుతుంది.) భూమి బంతిలా ఉంది కనుక వచ్చిన కాంతి నాలుగింతల వైశాల్యానికి పరుచుకోవాలి. అందులోనూ మూడో వంతు దాకా మేఘాలూ మంచూ వెనక్కి కొడతాయి. మిగిలే తేడా 0.2 వాట్లు. పదకొండేళ్లలో అది పెరుగుతుంది, తరుగుతుంది. 1750 నుంచి 2019 వరకు గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కదాని ప్రభావమే 2.16 వాట్లు. అది తరగడం లేదు.

పైగా 1979–80 శిఖరం తర్వాత 2014 దాకా వచ్చిన చక్రాలు ఒకదాన్ని మించి ఒకటి నీరసించాయి. 2014 నాటి శిఖరం సుమారు వందేళ్లలో అతి బలహీనమైనది. భూమి మాత్రం 2014, 2015, 2016లో వరుసగా మూడేళ్లు వేడి రికార్డులు తిరగరాసింది.

రాత్రుల సంగతి కూడా చూడండి. సూర్యుడే కారణమైతే పగళ్లే ఎక్కువగా వేడెక్కాలి. చిన్నప్పుడు డాబా మీద నీళ్లు చల్లుకుని పడుకుంటే తెల్లవారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు మే నెలలో నాలుగింటికి చెయ్యి పెట్టినా గచ్చు వెచ్చగానే ఉంటోంది.

అనంత రైతుబిడ్డ

మాస్టారూ, లెక్క అర్థమైంది. కానీ సముద్రాన్ని మరిచిపోయారు. సముద్రం నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. శతాబ్దం మధ్యలో సూర్యుడు ఇచ్చిన వేడి ఇప్పుడు బయటపడుతూ ఉండవచ్చు కదా?

రేడియో తరంగం

విశాఖలో హామ్ రేడియో (సరదాకి నడుపుకొనే సొంత వైర్‌లెస్) నడుపుతాను. మచ్చలు పెరిగితే మా తరంగాలు దూరం వెళతాయి, కనుక మాకు సూర్యమచ్చలంటే పంచాంగం లాంటివి. 2009లో పది మీటర్ల బ్యాండ్ మీద రోజుల తరబడి గరగర తప్ప ఏమీ వినిపించేది కాదు. 2024లో అదే యాంటెన్నాతో, కొద్దిపాటి పవరుతో యూరప్‌తో మాట్లాడాను. ఆ మే నెలలో బైనాక్యులర్‌ను సూర్యుడి వైపు తిప్పి, వెనక తెల్ల డ్రాయింగ్ కాగితం పెట్టి బింబం పట్టాను. (కన్ను పెట్టి చూడకండి, చూపు పోతుంది.) రూపాయి బిళ్లంత వెలుగులో, అంచుకు దగ్గరగా సిరా చుక్కల బారు. 10, 11 తేదీల్లో వచ్చిన సౌర తుఫాను ఆ మచ్చల గుంపుదే. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆ రాత్రి ఆకాశం ఎర్రబారింది. సూర్యుడి చురుకుదనాన్ని తక్కువ చేసే మనిషిని కాను.

అయినా సముద్రం వాదన నిలవదు. పొయ్యి మీద కుండ ఉంది. మంట తగ్గించాక కూడా నీళ్లు కాసేపు కాగుతాయి, నిజమే. కానీ కాగే వేగం తగ్గుతూ రావాలి. మన కుండలో మంట తగ్గాక వేగం పెరిగింది. సముద్రం తన పాత వేడిని బయటికి వదులుతుంటే తాను చల్లబడాలి. సముద్రంలో వేడి ఏటికేడు పెరుగుతోంది.

మాస్టారికి కూడా ఒక సవరణ. రాత్రుల వాదన ప్రపంచం మొత్తానికి, 1950ల తర్వాతి కాలానికి బాగానే సరిపోతుంది. మన దేశంలో వందేళ్ల లెక్క తీస్తే పగటి గరిష్ఠమే రాత్రి కనిష్ఠం కంటే ఎక్కువగా పెరిగింది. పైగా మీ డాబా చుట్టూ ఇప్పుడు ఎన్ని ఇళ్లు లేచాయో! అంతకంటే గట్టి సాక్ష్యం పైన ఉంది. సూర్యుడు ఎక్కువగా కాస్తే గాలి పొరలన్నీ వేడెక్కాలి. వాయువుల దుప్పటి మందమైతే కింది పొర వేడెక్కి, పైనున్న స్ట్రాటో ఆవరణం చల్లబడాలి. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పై పొర చల్లబడుతుందని వాతావరణ శాస్త్రవేత్తలు మనాబే, వెదరాల్డ్ 1967లోనే లెక్క కట్టారు. ఆ తర్వాత ఉపగ్రహాలు చూపించింది అదే. ఓజోన్ తరుగుదలకూ అందులో పాత్ర ఉంది. కానీ ఓజోన్ తక్కువగా ఉండే ఇంకా పై ఎత్తుల్లో కూడా చల్లబడుతోంది.

ఫిజిక్స్ మాస్టారు

సవరణ ఒప్పుకుంటున్నాను. డాబా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పాత పుటలు

రైతుబిడ్డ గారూ, మీ తాతగారి మాట చదివి ఆగిపోయాను. సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీని కదిలించింది.

1876–78 కరువు, మన పెద్దలు చెప్పుకొన్న ధాత కరువు, రాయలసీమను తుడిచిపెట్టింది. గంజి కేంద్రాల దగ్గర జనం కూలిపోతున్న 1877లోనే బ్రిటిష్ అధికారి డబ్ల్యూ. డబ్ల్యూ. హంటర్ మద్రాసు వర్షపాతం పట్టికలు తిరగేసి, మచ్చలు తగ్గినప్పుడు వాన తగ్గుతోందని, కరువులు ఆ వరుసలోనే వస్తున్నాయని రాశాడు. ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ ఆయనతో గొంతు కలిపాడు. సూర్యుణ్ని చదివితే కరువును ముందే పసిగట్టవచ్చన్న ఆశ బలపడింది. కొడైకెనాల్ సౌర వేధశాల వెనక ఉన్నది ఆ ఆశే. 1899లో మొదలైన ఆ వేధశాలలో 1904 నుంచి సూర్యుడి ఫొటోలు తీస్తూ వచ్చారు. నూరేళ్లకు పైబడిన ఆ గాజు పలకల మీద ఒక్కొక్క మచ్చా ఉంది.

ఆశ మాత్రం ఫలించలేదు. 1904లో భారత వాతావరణ శాఖ పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్ మచ్చలనూ వర్షపాతాన్నీ లెక్కల్లో పెట్టి చూశాడు. ముందస్తు అంచనాకు పనికొచ్చేటంత సంబంధం దొరకలేదు. ఆ వెతుకులాటలోనే పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య గాలి పీడనం ఊగిసలాటను పట్టుకున్నాడు. నేడు ఎల్‌నినోతో (పసిఫిక్ నీళ్లు మామూలు కంటే వేడెక్కడంతో) కలిపి మనం చెప్పుకొనేది దాన్నే. 1877–78లో వచ్చిన ఎల్‌నినో చరిత్రలో అతి బలమైన వాటిలో ఒకటి. మీ తాతగారు చూసిన కరువులు నిజం. వాటి తాళం చెవి ఎక్కువగా సముద్రంలో ఉంది.

మేఘమాల

వాతావరణ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. సూర్యుణ్ని పూర్తిగా పక్కన పెట్టేయడం నాకు నచ్చదు. మొత్తం కాంతి 0.1 శాతమే మారినా, అతినీలలోహిత కిరణాలు అంతకు ఎన్నో రెట్లు మారతాయి. అవి ఓజోన్ పొరను వేడి చేసి, అక్కడి గాలుల ద్వారా యూరప్ శీతాకాలాన్ని కొంత మార్చగలవు. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన మన సౌర పరిశోధక నౌక ఆదిత్య ఎల్1లో ఈ కిరణాలను చూసే టెలిస్కోపు ఉంది. మచ్చలు లేని రోజుల్లో యూరప్ చలికి ఈ కిరణాల మార్పు కొంత కారణం కావచ్చు. ఆ చలి మచ్చలు మాయం కాకముందే మొదలైంది, అగ్నిపర్వతాల హస్తమూ ఉంది. థేమ్స్ గడ్డకట్టడానికి పాత లండన్ వంతెన ఇరుకు కమానులు నీటిని నిలిపివేయడమూ ఒక కారణం. ఆ వంతెన 1831లో పోయింది.

డెన్మార్క్ శాస్త్రవేత్త స్వెన్స్‌మార్క్ చెప్పిన కాస్మిక్ కిరణాల (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల) వాదన కూడా ఎవరో ఒకరు తెస్తారు కనుక చెబుతున్నాను. సూర్యుడు మందగిస్తే కాస్మిక్ కిరణాలు ఎక్కువగా వచ్చి మేఘాలను పెంచుతాయన్నది ఆయన మాట. యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో దీన్ని పరీక్షించారు. ఆ కిరణాలు గాలిలో పుట్టించే అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) సూక్ష్మ కణాలు పుట్టడానికి తోడ్పడతాయి, కానీ మేఘాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం తేలలేదు. 2009లో ఆ కిరణాలు రికార్డు స్థాయికి చేరాయి. భూమి చల్లబడలేదు.

ఇక రైతు మీద నేరం అన్న మాట. అక్కడ నేను మీ పక్షాన ఉన్నాను. పొలంలో గడ్డి కాల్చిన పొగ ఊపిరితిత్తులకు చేటు, అది ఆపాలి. కానీ ఆ గడ్డిలోని కార్బన్ ఆ ఏడు గాలిలోంచి తీసుకున్నదే. శతాబ్దాలుగా పేరుకున్న భారం ప్రధానంగా బొగ్గుది, చమురుది. సూర్యుణ్ని నిందితుడిగా నిలబెట్టకుండానే రైతును విడిపించవచ్చు.

అనంత రైతుబిడ్డ

కుండ పోలికకు నా దగ్గర జవాబు లేదు. పై పొర చల్లబడడం నాకు కొత్త సంగతి. కానీ మా తాతగారి మాటను అంత తేలిగ్గా వదలలేను. ఆయన 1952 నుంచి 1986 దాకా వానలు రాసిపెట్టిన పుస్తకం ఇంట్లో ఉంది. ప్రతి నైరుతికీ పక్కన మచ్చల సంఖ్య వేసి ఆదివారం ఇక్కడ పెడతాను.

ఫిజిక్స్ మాస్టారు

తప్పకుండా పెట్టండి. ఒక్కటే మనవి. మచ్చల పట్టిక తెరవకముందే, ఎన్ని మిల్లీమీటర్ల లోపు పడితే కరువు అంటారో ఇక్కడ రాసేయండి. తర్వాత మార్చవద్దు.

అనంత రైతుబిడ్డ

నైరుతిలో 250 లోపు.