గాల్ కోట: పగటిపూట చూసి వచ్చేయాలా, రాత్రి ఉండాలా?

బెజవాడ_బాటసారి: వచ్చే నెల శ్రీలంక వెళ్తున్నాం, కొలంబోలో బస. గాల్ కోట పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయమంటున్నారు ట్రావెల్స్ వాళ్లు. అమ్మానాన్నా కూడా వస్తున్నారు. ఏం చేయమంటారు?

ఉప్పుగాలి: వచ్చేయండి. గోడలోపలి ఊరు చిన్నది, తీరిగ్గా తిరిగినా ఒక పూట పని. అసలు నా అభ్యంతరం వేరే. అక్కడ తరాలుగా కాపురమున్న ఇళ్లు ఎన్నో చేతులు మారి హోటళ్లయ్యాయి. రాత్రికి మనం గది అడిగినకొద్దీ ఇంకో ఇల్లు ఖాళీ అవుతుంది.

భీమిలి_రేవు: మీ బాధ నిజమేనండీ. కానీ పగలొచ్చి పోయేవాళ్లకు కనబడేవి దుకాణాలే. మధ్యాహ్నం ఆ గోడ మీద నీడే ఉండదు, పెద్దవాళ్లతో మరీ కష్టం. సాయంత్రం ఐదు దాటాక చూడాలి: ఊళ్లోవాళ్లంతా బురుజుల మీదికి చేరతారు, లైట్‌హౌస్ దగ్గర పిల్లలు ఆడుకుంటారు. టికెట్టు కూడా లేదు.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది పాత ద్వారం లోపలివైపు. పైన కోడిపుంజు, డచ్చి ఈస్టిండియా కంపెనీ అక్షరాలు (VOC), 1669 సంవత్సరం చెక్కి ఉంటాయి. పోర్చుగీసువాళ్లు వేసిన కోటను 1640లో డచ్చివాళ్లు పట్టుకుని రాతిగోడలతో పెంచారు. మా భీమిలి డచ్చి సమాధుల మధ్య ఆడుకుంటూ పెరిగినవాణ్ణి. ఆ కంపెనీయే ఇక్కడా అని తెలిసి ఒళ్లు జలదరించింది. 2004 డిసెంబరు 26న సునామీ బయటి బస్టాండునూ క్రికెట్ మైదానాన్నీ ముంచేస్తే, లోపలి ఊరిని చాలావరకు కాచింది ఈ గోడే. అలాంటి చోటికి వెళ్లి గడియారం చూసుకుంటూ తిరగడం నాకు మనసొప్పదు.

ఉప్పుగాలి: ఆ ఇంట్లోవాళ్లే నడిపే గది అయితే ఒప్పుకుంటాను. కానీ ఎవరిదో ముందే ఎలా తెలుస్తుంది?

భీమిలి_రేవు: ఫోన్ చేసి అడగండి. "మీరు ఆ ఇంట్లోనే ఉంటారా, పొద్దున టిఫిన్ ఎవరు చేస్తారు?" అంటే చాలు. ఇంటివాళ్లయితే మొహమాటం లేకుండా చెప్తారు. మీరన్న నష్టం పెద్ద హోటళ్ల వల్ల. ఇల్లు అమ్ముకోకుండా రెండు గదులు అద్దెకిచ్చుకుంటున్నవాళ్లకు మన డబ్బు ఆసరా అవుతుంది.

బాటసారి గారూ, కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో రైలెక్కి కుడివైపు కూర్చోండి. సముద్రం అటే. రెండున్నర గంటల దారి. నాన్నగారిని మాత్రం మర్నాడు ఎండెక్కకముందే గోడ మీదికి తీసుకెళ్లండి.