బొట్టా, చుక్కా?

బెజవాడ సిస్టర్: గుంటూరులో ట్రైనింగప్పుడు మా సీనియర్ సిస్టర్ సెలైన్ నిమిషానికెంత వేగంగా పడాలో తేల్చే లెక్కని పాటలా చెప్పేవారు. "సీసాను సెట్టుతో హెచ్చవెయ్, నిమిషాలతో భాగించు..." సెట్టంటే సెలైన్ గొట్టమే. ఆ తర్వాత "బొట్టు లెక్కపెట్టు" అనేవారా, "చుక్క లెక్కపెట్టు" అనేవారా? రాత్రి డ్యూటీలో వాచీని సెలైన్ రాలే ఛాంబర్ పక్కన పెట్టి 15 సెకన్లు లెక్కపెడుతుంటే మొదలైంది ఈ పీకులాట.

బ్రాడీపేట మాష్టారు: ఇంకా సందేహమా అమ్మా? సెట్టు, బొట్టు, పెట్టు. ప్రాస అంత చక్కగా పడుతుంటే చుక్కెందుకొస్తుంది? హెచ్చవేత అన్న మాట విని ఎన్నాళ్లయింది! ఇప్పుడంతా గుణకారమేగా.

కాలువగట్టు: అది ప్రాస కాదు మాష్టారూ, పాదాల్లో రెండో అక్షరం కలవాలి. పోనీ అంత్యప్రాస అందామంటే సెట్టు లైను మధ్యలో ఉంది.

మిర్చియార్డు: పేషెంటు వాళ్లు "సెలైన్ చుక్కలు పడట్లేదు సిస్టర్" అనే అంటారు. బొట్టంటే ముందు నుదురే గుర్తొస్తుంది.

కాలువగట్టు: చుక్కంటే గుర్తొచ్చేది ఇంకోటుందిలెండి, సాయంత్రాలు. నా లెక్కలో రాలేదాకా బొట్టు, రాలాక చుక్క.

మిర్చియార్డు: మరి రక్తం బొట్లు బొట్లుగా కారుతుందే?

బ్రాడీపేట మాష్టారు: కొలతల మాటకొస్తే వేమన తర్వాతే ఎవరైనా. "గంగిగోవు పాలు గరిటెడైనను చాలు." ఆ గరిటెడు, కడివెడు చూడండి! మా అమ్మమ్మ మాత్రం "గంటెడైనను" అనేది. గరిటెడై అంటే నగం, గంటెడై అంటే రగణం. రెండూ ఇంద్రగణాలే, యతీ చెడదు. ఛందస్సు తీర్పు చెప్పదు.

కాలువగట్టు: అందరి నోటా ఉన్నది గరిటెడే కదండీ.

బ్రాడీపేట మాష్టారు: అందరూ అన్నంత మాత్రాన అసలు పాఠమైపోతుందా? గంటె మన వంటింటి మాట.

బెజవాడ సిస్టర్: అయ్యా, నా సీసా ఇక్కడే వేలాడుతోంది! 500 ఎమ్మెల్, ఎమ్మెల్‌కి 20 చుక్కల సెట్టు, 4 గంటలు. 500ని 20తో హెచ్చవేస్తే 10,000, 240తో భాగిస్తే 41.67. అంటే నిమిషానికి 42. 60 చుక్కల మైక్రో సెట్టయితే ఏ పాటా అక్కర్లేదు, గంటకెన్ని ఎమ్మెల్లో నిమిషానికన్ని చుక్కలు.

మిర్చియార్డు: చూశారా, మూడుసార్లూ చుక్కలనే అన్నారు!

బెజవాడ సిస్టర్: 20 బొట్ల సెట్టని ఎవరంటారండీ. కానీ ఆవిడ గొంతులో బొట్టే వినిపిస్తోంది నాకు.

బ్రాడీపేట మాష్టారు: నేను మొదటే చెప్పాను.

కాలువగట్టు: అది సరే, పైనుంచి కిందికి కారేదాన్ని "ఎక్కించడం" అంటామేంటి?