కుప్పం వైపు ప్యాసింజరుకు పల్లె స్టేషన్లలో స్టాపు ఉండాలా?

వైట్‌ఫీల్డ్‌వాసి:
శనివారం సాయంత్రం బెంగళూరు నుంచి కుప్పానికి జోలార్‌పేట ప్యాసింజరులో పోతుంటాను. బంగారపేట దాటాక కామసముద్రం, బిసానత్తం, గుడుపల్లె అంటూ ప్రతిచోటా ఆగుతుంది. దిగేది ఐదారుగురు. ఆ మూడు స్టాపులూ తీసేస్తే బండి నిండా ఉన్నవాళ్ళకి అరగంట మిగలదా?

పల్లెబండి:
మిగలదండీ. వేగం తగ్గడం, నిమిషం ఆగడం, మళ్ళీ అందుకోవడం కలిపి స్టాపుకి 3 నిమిషాలు వేసుకోండి. ఈ బండి మెమూ, అంటే వేరే ఇంజను లేకుండా కరెంటుతో నడిచే రైలు. మధ్యమధ్య పెట్టెలకే మోటార్లుంటాయి, తొందరగానే వేగం అందుకుంటుంది. మూడూ ఎత్తేసినా మిగిలేది పది నిమిషాల లోపే. అసలు ఆలస్యం లూప్ లైన్లో, అంటే స్టేషన్లో పక్కకి తప్పుకునే పట్టాల మీద, వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చి నిలబడినప్పుడు. 2022 నవంబరు నుంచి మైసూరు-చెన్నై వందే భారత్ కూడా ఈ దారినే పోతోంది.

అలాంటి ఐదారుగురిలో ఒకప్పుడు మా పెద్దమ్మ ఒకరు. తెల్లవారుజామున కనకాంబరాల బుట్టతో ఎక్కి, వైట్‌ఫీల్డ్‌లో అమ్ముకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. మా స్టేషన్లో ప్లాట్‌ఫారం బాగా కిందికుంటుంది. ముందు బుట్ట పైకి అందించి, లోపలివాళ్ళు చెయ్యిస్తే పట్టుకుని ఎక్కాలి. 2020లో కరోనాకి బండ్లు ఆగాయి. మళ్ళీ నడిచాక కనీస చార్జీ 10 నుంచి 30 అయింది, 2024 ఫిబ్రవరిలో గానీ 10కి దిగలేదు. ఆలోపే ఆమె వ్యాపారం మానేసింది. బస్సులో బుట్టకి వేరే డబ్బులడుగుతారు, పైగా రెండు బస్సులు మారాలి. 1864లో బెంగళూరు కంటోన్మెంటు దాకా పట్టాలు పడ్డప్పటి నుంచీ మా వైపు జనానికి ఈ లైనే దారి.

టికెట్‌లెక్క:
నాలుగు టికెట్ల కోసం ఒక స్టేషన్ మాస్టరు జీతం దండగ కదా?

పల్లెబండి:
లూప్ లైనున్న స్టేషన్లో ఆయన ఉండేది టికెట్ల కోసం కాదు. బండ్లను దాటించాలి, సిగ్నళ్ళు చూసుకోవాలి. ప్యాసింజరు ఆగకపోయినా ఆ జీతం ఇవ్వాల్సిందే. ఉత్త హాల్టు అయితే మాస్టరే ఉండడు, కమీషన్ మీద ఏజెంటు టికెట్లిస్తాడు. ఏ లెక్కన చూసినా స్టాపు తీసేస్తే రైల్వేకి మిగిలేది తక్కువ, పల్లెకి పోయేది ఎక్కువ.

వైట్‌ఫీల్డ్‌వాసి:
లూప్ లైను సంగతి నేను ఆలోచించలేదు. సరే, స్టాపులు ఉండనివ్వండి. కానీ శనివారం సాయంత్రం నిలబడటానికి కూడా చోటుండదు. బంగారపేట తర్వాత నేరుగా కుప్పంలోనే ఆగే బండి ఇంకొకటి వేయమని అడగడంలో తప్పుందా?

పల్లెబండి:
తప్పేముంది, అడగాల్సింది అదే. బెంగళూరు డివిజన్ డీఆర్ఎంకి, అంటే డివిజన్ రైల్వే మేనేజరుకి, అర్జీ రాయండి, మా ఊరివాళ్ళ చేత కూడా సంతకాలు పెట్టిస్తాను. ప్లాట్‌ఫారాలు ఎత్తు పెంచమని అందులోనే ఒక మాట చేర్చండి.