ఆటగాడిని ‘కొన్నారు’ అనాలా, ‘కుదుర్చుకున్నారు’ అనాలా?

గ్రూపులో పెద్దలకు, తోటివారికి నమస్కారం. ఒక క్రియాపదం గురించి మీ అభిప్రాయం కావాలి. మాది అనంతపురం. సాయంత్రం పూట బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన సిమెంటు మెట్ల మీద చేరి, ఒక ఫోనును నీళ్ళ బాటిలుకు ఆనించి లీగ్ మ్యాచులు చూసే బ్యాచ్ మాది. ఆట చూడ్డం ఒక ఎత్తు, కొత్త సీజన్‌కు ముందు ఏ జట్టులోకి ఎవరు వస్తున్నారనే చర్చ ఇంకో ఎత్తు. ఆ చర్చలో అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: ‘హైదరాబాద్ ఫాల్కన్స్ వాళ్ళు ఎవర్ని కొన్నారు?’

ఈ ‘కొన్నారు’ నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. ఇది క్రికెట్ నుంచి వచ్చిందని అందరికీ తెలుసు. 2008లో ఐపీఎల్ వేలం మొదలైంది, 2014లో ప్రో కబడ్డీ వచ్చింది. వేలం కాబట్టి పత్రికలు కూడా వేలం భాషే రాశాయి. ‘ఇన్ని కోట్లు పలికాడు’, ‘అమ్ముడుపోయాడు’, ‘అమ్ముడుపోలేదు’. ఆదోని మార్కెట్ యార్డులో వేరుశనక్కాయల బస్తా ముందు నిలబడి మాట్లాడే మాటలు ఇవి. బస్తాకైతే సరే. పాతికేళ్ళ పిల్లవాడి పేరు పక్కన ‘అమ్ముడుపోలేదు’ అని అచ్చు వేస్తే, దాన్ని వాళ్ళమ్మ కూడా చదువుతుంది కదా.

మర్యాద సంగతి పక్కన పెట్టినా, బాస్కెట్‌బాల్‌కు ఈ మాట అసలు నిజం కాదు. మన దేశంలో పెద్ద ఆటగాళ్ళు చాలామంది రైల్వేలోనో, ఓఎన్‌జీసీలోనో, ఆర్మీలోనో, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకులోనో ఉద్యోగస్థులు. భారత జట్టుకు కెప్టెన్‌గా ఆడిన విశేష్ భృగువంశీ ఓఎన్‌జీసీ మనిషి. నెల జీతం అక్కడ, లీగ్ ఆట ఇక్కడ కొన్ని వారాలు. అలాంటి మనిషిని ఎవరో ‘కొన్నారు’ అనడం ఎట్లా కుదురుతుంది?

చూశారా, నాకు కావాల్సిన మాట ఆ వాక్యంలోనే దొర్లింది. కుదరడం. పెళ్ళి కుదిరింది అంటాం, బేరం కుదిరింది అంటాం, ముహూర్తం కుదిరింది అంటాం. రెండు వైపులా ఒప్పుకుంటేనే ఏదైనా కుదిరేది. జట్టు ‘కుదుర్చుకుంది’, ఆటగాడు ‘కుదిరాడు’. జట్టులో అలవాటు పడి నిలకడగా ఆడడం మొదలుపెట్టాక ‘కుదురుకున్నాడు’. క్రికెట్ వార్తల్లో ‘క్రీజులో కుదురుకున్నాడు’ అని మనం రోజూ చదివేదే. సంతకం నుంచి ఫామ్ దాకా ఒకే ధాతువు సరిపోతుంటే అరువు మాట ఎందుకని నా ప్రశ్న.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. దీనికి గడువు తగిలించవచ్చు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో పది రోజుల ఒప్పందం అని ఒకటుంది. ఒకే జట్టు ఒక ఆటగాడితో ఒక సీజన్లో రెండుసార్లు మాత్రమే అలా ఒప్పందం చేసుకోవచ్చు, ఆ తర్వాత కావాలంటే మిగతా సీజన్ అంతటికీ తీసుకోవాల్సిందే. 2015 ఏప్రిల్‌లో సిమ్ భుల్లర్ అనే పంజాబీ మూలాలున్న కెనడా కుర్రవాడు శాక్రమెంటో కింగ్స్‌కు ఆడింది అలాగే. భారత సంతతి నుంచి ఎన్‌బీఏ మ్యాచ్ ఆడిన మొదటివాడు అతనే. ‘పది రోజులకు కుదిరాడు’ అంటే తెలుగు వచ్చినవాళ్ళందరికీ అర్థమవుతుంది. ‘పది రోజులకు కొన్నారు’ అని చెప్పి చూడండి, వాక్యం నిలబడదు.

ప్రొద్దుటూరు నుంచి ఒక పెద్దాయన:
బాగుంది నాయనా. కానీ మా పక్క ఇంకో మాట ఉంది, దాన్ని మరచిపోయినట్టున్నావు. మేళాన్ని ‘మాట్లాడినాం’ అంటాం. ఆటో మాట్లాడినాం, వంటమనిషిని మాట్లాడినాం, నాటకానికి హార్మోనియం ఆయన్ను మాట్లాడినాం. ఊళ్ళో పౌరాణిక నాటకం వేసేటప్పుడు బయటినుంచి కృష్ణుడి వేషానికి మనిషిని తెస్తే, ఆకు వక్క చేతిలో పెట్టి మాట్లాడుకొని వచ్చేవాళ్ళు. తాంబూలం పుచ్చుకున్నాక ఆయన ఆ తేదీకి ఇంకో ఊరికి పోడు. కాగితం లేదు, సంతకం లేదు. మీ బాస్కెట్‌బాల్ వాళ్ళకు ఇది పనికిరాదా?

నా జవాబు:
పనికిరావడమే కాదు పెద్దాయనా, నేను వదిలేసిన ఖాళీ సరిగ్గా అదే. జట్టువాళ్ళు ఏజెంటుతో ఫోన్లలో ఉన్న దశకు ‘మాట్లాడుతున్నారు’ అందాం. రెండు వైపులా ఒప్పుకుంటే ‘కుదిరింది’. కాగితం మీద పడితే ‘సంతకమైంది’. మూడూ మూడు వేర్వేరు దశలు. ‘కొన్నారు’ ఒక్కటే వాడితే ఈ తేడాలన్నీ పోతాయి.

ఆదోని నుంచి ఒక అక్క:
తమ్ముడూ, నాకొక అభ్యంతరం. ‘కుదుర్చుకోవడం’ అంటే మా తాతల కాలంలో జీతగాణ్ణి కుదుర్చుకోవడమే. ఉగాదికి కుదిరితే మళ్ళీ ఉగాది దాకా ఆ ఇంట్లోనే. ముందు ఇచ్చిన అప్పు తీరకపోతే ఆ మీదటేడు కూడా అక్కడే. ఆ మాటలో ఆ వాసన ఇంకా పోలేదు. ‘కొన్నారు’ కంటే అది ఎక్కడ మేలు?

నా జవాబు:
అక్కా, ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. మీరు చెప్పింది నిజంగా జరిగింది, అందుకే 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం తేవాల్సి వచ్చింది. అయితే ఆ మనిషిని కట్టేసింది అప్పు. కుదరడం అనే మాటకు ఆ కట్టు లేదు, ఉంటే అదే మాటను పెళ్ళికీ ముహూర్తానికీ మనం వాడం. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను: ‘జీతానికి కుదిరాడు’ అని రాయకూడదు. ‘జట్టుకు కుదిరాడు’, ‘సీజన్‌కు కుదిరాడు’ అనాలి. మీరు అడక్కపోతే ఈ హద్దు గీయాలని నాకు తోచేది కాదు.

కర్నూలు నుంచి ఒక విద్యార్థి:
అన్నా, డ్రాఫ్ట్‌కు ఏం రాయాలి? ఒక చోట ‘ముసాయిదా’ అని చూసినా. ముసాయిదా అంటే బిల్లు చిత్తుప్రతి కదా! ట్రేడ్‌కు కూడా ఏదన్నా మాట చెప్పండి.

నా జవాబు:
ముసాయిదా కానే కాదు తమ్ముడూ. డ్రాఫ్ట్‌లో జరిగేది జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకోవడం. మన పిల్లలకు ఇది పుట్టుకతో తెలిసిన పద్ధతి. ఇద్దరు నాయకులు ఒక పక్క నిలబడతారు. మిగతావాళ్ళు సమ ఉజ్జీలుగా జతలు కట్టి, దూరంగా పోయి చెవిలో దొంగపేర్లు పెట్టుకొని, భుజాల మీద చేతులేసుకొని వస్తారు. ‘సూర్యుడు కావాలా, చంద్రుడు కావాలా?’ ఒక నాయకుడు కోరుకుంటాడు, మిగిలినవాడు రెండో జట్టుకు పోతాడు. మరుసటి వంతు రెండో నాయకుడిది. ఇందులో ‘కోరుకోవడం’ ఎంత మంచి క్రియో చూడు. ‘2015 డ్రాఫ్ట్‌లో డాలస్ మావెరిక్స్ సత్నామ్ సింగ్‌ను 52వ వంతులో కోరుకుంది’ అని రాస్తే ఏం లోటు?

సత్నామ్ కథలోనే ఇంకో సూక్ష్మం ఉంది. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతను. కానీ ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. కింది లీగ్‌లో టెక్సాస్ లెజెండ్స్‌కు ఆడాడు. 52వ వంతు రెండో రౌండులోది, ఆ రౌండులో కోరుకున్నంత మాత్రాన ఒప్పందం గ్యారంటీ లేదు. అంటే కోరుకున్నారు గానీ అక్కడ కుదరలేదు. ఆ రోజు ‘సత్నామ్‌ను కొన్న డాలస్’ అని రాసివుంటే చదివినవాళ్ళు కచ్చితంగా పొరబడేవాళ్ళు.

ఇక ట్రేడ్, అంటే రెండు జట్లు తమ ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకోవడం. ఇక్కడ కుదరడం వాడకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఎక్కువసార్లు ఆటగాడిని ఎవరూ అడగరు. 2025 ఫిబ్రవరిలో డాలస్ లూకా డాన్చిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకుంది, అభిమానులకు అన్నం సహించలేదు. అలాంటిదానికి ‘మార్చుకున్నారు’ చాలు. జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా, అడగనిదాన్ని అడిగినట్టు తీయగా రాయడం కూడా తప్పే.

ఆదోని అక్క:
ఇంటి ఆడపిల్లనిచ్చి ఆ ఇంటి ఆడపిల్లను తెచ్చుకుంటే ‘కుండమార్పిడి’ అంటాం. అప్పుడు కూడా పిల్లల్ని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

నా జవాబు:
అక్కా, ఇంతకంటే సరైన మాట దొరకదు. శీర్షికల్లో పెట్టినా అందుతుంది.

కడప నుంచి ఒక సభ్యుడు:
అందరూ పెద్ద పెద్ద మాటలు వెతుకుతున్నారు గానీ, మన అభిమానులు వదిలేస్తున్న చిన్న మాట ఒకటుంది. ‘అంట’. ‘ఫలానా ఆటగాడు హైదరాబాద్‌కు వస్తాడంట’ అని ఒకరు రాస్తే, దాన్ని పంపుకొనే ఇంకొకరు ‘వస్తున్నాడు’ అంటారు, మూడోవాళ్ళు ‘సైన్ చేసేశాడు’ అంటారు. రాత్రికి అందరికీ టెన్షన్. పొద్దున జట్టు జాబితాలో ఆ పేరే ఉండదు.

నా జవాబు:
సోదరా, మా మెట్ల మీద జరిగే గొడవల్లో సగం దీనివల్లే. ఇంగ్లీషులో పుకారుని పుకారుగా చెప్పాలంటే ‘రిపోర్టెడ్లీ’ లాంటి వేరే మాట ఒకటి తగిలించాలి, మనకు చివర ఒక్క ‘అంట’ చాలు. విన్నదానికీ చూసినదానికీ మధ్య గీత అది. జట్టు తన ఖాతాలో ప్రకటించేదాకా ‘కుదిరాడంట’, ప్రకటించాకే ‘కుదిరాడు’. మా బ్యాచ్‌లో ఇవాళ్టి నుంచే ఇది అమలు చేయమని అడుగుతాను.

ఇంకొకటి తేలలేదు. జట్టు ఒకరిని వదిలేస్తే ‘విడుదల చేశారు’ అని రాస్తున్నారు, జైలు గుర్తొస్తుంది. ‘తీసేశారు’ అంటే తప్పు చేసినట్టు వినిపిస్తుంది. ‘అట్టిపెట్టుకున్నారు’ అని ఉంచుకున్నవాళ్ళకు మంచి మాటే దొరికింది, వెళ్ళిపోయేవాళ్ళకే దొరకలేదు. గడువు ముగిసి మర్యాదగా బయటికి వచ్చిన పనిమంతుణ్ణి మీ ఊళ్ళో ఏమంటారో రాయండి, ముఖ్యంగా మదనపల్లె, హిందూపురం పక్కవాళ్ళు.