పోలిష్‌లో 'నాకు చలిగా ఉంది' అనాలంటే తెలుగులోనే ఆలోచించండి

పోలండ్‌కు చదువులకు వెళ్ళిన మనవాళ్ళు పోలిష్‌ను ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాలతో నేర్చుకుంటారు. చిక్కంతా అక్కడే. చలేస్తోందని చెప్పడానికి ఇంగ్లీషు వాక్యాన్ని తలచుకుని 'యెస్తెమ్ జిమ్నీ' అంటారు. అది 'నా ఒళ్ళు చల్లగా ఉంది' అనో, 'నేను మమకారం లేని మనిషిని' అనో వినబడుతుంది. అక్కడివాళ్ళు అనేది 'జిమ్నో మి'. 'మి' అంటే నాకు, 'జిమ్నో' అంటే చలిగా. మన 'గా' చేసే పనే ఆ చివరి 'ఓ' చేస్తోంది!

'ఖ్త్సె మి షె స్పాచ్' అంటే నాకు నిద్రొస్తోంది. మాకు అనాలంటే 'మి' తీసి 'నామ్' పెట్టండి, క్రియ కదలదు. తెలుగులోనూ అంతే కదా. 'పొదోబా మి షె' (నాకు నచ్చింది) కూడా ఈ కోవలోదే, నచ్చిన వస్తువును బట్టే క్రియ మారుతుంది.

ఇంకో పోలిక నాకు మరీ ఇష్టం. చూడకుండా కొనడాన్ని వాళ్ళు 'కూపిచ్ కొతా వ్ వొర్కు' అంటారు, సంచిలో పిల్లిని కొనడం. మనం నీళ్ళలో బర్రెను పెట్టి బేరమాడినట్టు అంటాం. పిల్లి 'కొత్', కొన్నప్పుడు 'కొతా'. రొట్టె 'ఖ్లెప్' మాత్రం కొన్నా 'ఖ్లెప్' గానే ఉంటుంది. మనమూ 'రొట్టె కొన్నాను' అంటాం గానీ 'పిల్లి కొన్నాను' అనం, ప్రాణమున్నదానికి 'ని' కావాలి. పోలిష్‌లో ఈ తేడా ఏకవచనంలో పుంలింగ పదాలకే. ఆవు 'క్రొవా' స్త్రీలింగం, అది ఎలాగూ 'క్రొవె' అవుతుంది.

ప్రశ్న: 'నా బుర్ర తినకు' అనడానికి ఏమంటారండీ?

జవాబు: 'నే జవ్రాత్సాయ్ మి గ్వొవీ'. మాటకు మాటగా 'నాకు తల వెనక్కి తిప్పకు'. 'నా తల' అనాల్సిన చోట వాళ్ళకు 'నాకు' వస్తుంది. ఇక్కడ తెలుగు సాయపడని సంగతి ఒకటుంది. తల 'గ్వొవా', కర్మ అయితే 'గ్వొవె', వాక్యంలో 'కాదు' చేరగానే 'గ్వొవీ'. వ్యతిరేక వాక్యంలో కర్మ షష్ఠిలోకి మారుతుంది. 'మామ్ చాస్' టైముంది, 'నే మామ్ చాసు' టైము లేదు. 'పొద్దుగుంకకముందే రోజును పొగడకు' అనే సామెతలోనూ రోజు 'జెన్' కాస్తా 'ద్న్యా' అయిపోతుంది. క్రియ మామూలుగా ద్వితీయను అడిగితేనే ఈ మార్పు. తృతీయను అడిగే క్రియలకు 'కాదు' చేరినా ఆ విభక్తే ఉంటుంది. ముందు ఆ 'చాస్, చాసు' జంటను నోటికి పట్టించండి, రోజూ అవసరపడేది అదే.